రేవు మెట్ల మీద నిలబడినవాళ్ళు

గంట రెండుసార్లు మోగింది. పూజగదిలో గంట కంటే సన్నని చప్పుడు. ఒకసారి మోగి, ఊపిరి తీసుకున్నంత సేపు ఆగి, మళ్ళీ మోగింది. మా పాత్రల కొట్లో అల్యూమినియం గంప బేరమాడుతున్న కురుచికుప్పం ఆవిడ ఫోనులోంచి వచ్చిందది. ఆవిడ చేపలమ్ముతుంది. రెండు మూడు నెలలకోసారి గంప కొనడానికి మా దగ్గరికే వస్తుంది. గంపకు తాడు కట్టించి చేతికిచ్చాను. బయట ఆటో హారన్ కొడుతోంది. ఆవిడ మాత్రం కదలకుండా గుమ్మంలోనే నిలబడి, ఫోను రెండు చేతులా పట్టుకుని బొటనవేళ్ళతో టకటకా ఏదో రాస్తోంది. ఆటో పోతుందేమో చూసుకోండి అని తమిళంలో చెప్పాను. "పోనీ అమ్మా, ఇంకోటి వస్తుంది. ఇక్కడ కొత్త పిల్ల ఒకతి దిగింది, ఓడ ఎట్లా కట్టాలో తెలీక బిక్కమొహం వేసుకుని ఉంది. పది నిమిషాలు నిలబడాలి కదా" అంది, ఇది లోకంలో అందరికీ తెలిసిన మర్యాదే అన్నట్టు. ఆటో నిజంగానే వెళ్ళిపోయింది. పది నిమిషాలూ నిలబడి, ఫోను నడుముకు దోపుకుంటూ ఆవిడే చెప్పింది: "ఈ ఆట కనిపెట్టినాయన మన ఊరొచ్చాడంట తెలుసా? మన బీచ్‌లో సూర్యోదయం చూస్తుంటే తోచిందంట. వీడియోలో చెప్పాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు. గంప ఎత్తుకుని ఆవిడ వెళ్ళిపోయాక కూడా అరగంట సేపు నేను మనిషిని కాలేకపోయాను. మా నాన్న ఒక కస్టమరుకు కుక్కరు మూత చూపించమంటే చెంబు చూపించాను. సూర్యోదయమట! ఆ పెద్దమనిషి మా ఊళ్ళో ఉన్న రెండు రోజులూ పొద్దున పది దాటితే గాని దుప్పటి తియ్యలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే ఆయన కోసం తెప్పించిన ఇడ్లీలు చల్లారిపోతే రెండు రోజులూ నేనే తిన్నాను.

ఆ ఆట పేరు ఇక్కడ రాయను. వాళ్ళకు కావలసినంత ప్రచారం ఉంది, నా వంతు కూడా ఎందుకు? దీవులు, ఓడలు, వర్తకం ఉండే ఆట అంటే చాలు, ఆడేవాళ్ళకు అర్థమవుతుంది. ఒకే సముద్రంలో లక్షలమంది ఒకేసారి తిరుగుతుంటారు. అది అంత పెద్దది ఎలా అయిందని ఎవరైనా అడిగితే, అందమైన నీళ్ళు గీసినవాళ్ళ గురించి, కోడ్ రాసినవాళ్ళ గురించి, బీచ్‌లో జ్ఞానోదయమైన పెద్దమనిషి గురించి చెబుతారు. వి. కస్తూరి అనే మనిషి గురించి ఎవరూ చెప్పరు. నేను చెబుతాను.

పుదుచ్చేరి మూలకుళంలో ఒక టైర్ల షాపు మీద మా ఆఫీసు ఉండేది. పన్నెండు కుర్చీలు, రెండు ఏసీలు. వాటిలో ఒకటే పనిచేసేది. ఆట తయారుచేసే కంపెనీ బెంగళూరులో ఉండేది. ఆడేవాళ్ళ ఫిర్యాదులకు జవాబులు రాసే పని కాంట్రాక్టు మీద మాకిచ్చారు. ఓడ మాయమైంది, సరుకు కనపడలేదు, ఎవరో తిట్టారు, పాస్‌వర్డ్ మర్చిపోయాను, ఇలాంటివి. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. కొట్లో కూర్చోవడం ఇష్టం లేక ఇంట్లో గొడవపడి చేరాను. అచ్చువేసిన జవాబులు తయారుగా ఉంటాయి, దేనికి ఏది అతికించాలో తెలిస్తే చాలు. మొదటి రోజే అందరికంటే ఎక్కువ జవాబులు పంపేసి, ఇంతేనా ఉద్యోగం అనుకుంటూ రెండు కాగానే బ్యాగు భుజాన వేసుకున్నాను.

మా షిఫ్టుకు పెద్ద కస్తూరక్క. నలభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేది, కళ్ళద్దాలు ఎప్పుడూ నెత్తి మీదే. మా ఇంట్లో లాగే ఆమె ఇంట్లోనూ తెలుగే. తాతల కాలంలోనే ఇక్కడికి వచ్చినవాళ్ళు. మాట్లాడటమే గాని తెలుగు చదవడం రాదు.

"యాడికి?" అంది.

"షిఫ్ట్ అయిపోయింది కదక్కా."

"నీకు అయిపోయింది. నీ సీట్లోకి వచ్చే అమ్మికి ఏం చెప్పి పోతా ఉండావు?"

"అంతా సిస్టంలో ఉండాది కదా."

"సిస్టంలో ఏముండాది? ఓడ పోయిందని ఉండాది." నా స్క్రీను మీద ఒక ఫిర్యాదు తెరిచింది. "ఈయప్ప వాళ్ళ నాయన ఆస్పత్రిలో ఉండాడని, దానికే ఇన్ని దినాలు ఆడలేదని, తిట్టి రాసినా కోపం మన మీద కాదని ఉండాదా? అది నీ తలకాయలో ఉండాది. అప్పజెప్పి పో."

నేను ఆ ఉత్తరం అంత దూరం చదవనే లేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి కూర్చున్నాను. తరువాతి షిఫ్టు అమ్మాయి వచ్చాక, పది నిమిషాలు ఆ అమ్మాయి పక్కన నన్ను నిలబెట్టి ఒక్కొక్క మనిషి గురించీ చెప్పించింది. బస్సు పోయింది. ఇంటికి నడుచుకుంటూ వెళ్ళాను, దారి పొడుగునా ఆమెను తిట్టుకుంటూనే.

ఆ పద్ధతి ఎక్కడిదో తరువాత తెలిసింది. వాళ్ళ నాయన నూలు మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడేదాకా ఆ ఇల్లంతా సైరన్ ప్రకారమే లేచేది, తినేది. మిల్లులో షిఫ్టు మారేటప్పుడు దిగేవాడు వెంటనే వెళ్ళిపోకూడదట. ఎక్కేవాడి పక్కన పది నిమిషాలు నిలబడి, ఈ రోజు ఏ కదురు మొండికేస్తోంది, ఎక్కడ పోగు ఊరికే తెగుతోంది చేత్తో ముట్టి చూపించాలి. అది కాగితం మీద రాసిన రూలు కాదు, ఆ పది నిమిషాలకు కూలీ లేదు. "కానీ చూపించకుండా పోయినోడితో మిల్లులో ఎవురూ మాట్లాడరు. వాళ్ళింట్లో పెండ్లికి కూడా పోరు. మా నాయనకి జ్వరంగా ఉన్నా నిలబడి చూపించే వచ్చేవాడు" అని చెప్పింది కస్తూరక్క. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం ఉండేది. టైర్ల షాపు మీద పన్నెండు కుర్చీల ఆఫీసులో ఆమె నడిపింది అదే మిల్లు.

మిగతా షిఫ్టుల పెద్దలు వారానికోసారి ఫిర్యాదుల జాబితా చూసేవాళ్ళు. కస్తూరక్క ఇంకొక జాబితా తెప్పించుకునేది. ఆటలోకి ఒకే ఒక్కసారి వచ్చి మళ్ళీ రానివాళ్ళది. అది ఎంత పొడుగుండేదో చూస్తే, ఆట ఇంకెంతో కాలం బతకదని నాకే తెలిసిపోయింది. బెంగళూరు వాళ్ళకూ తెలుసు. ప్రతి వారం కొత్త ఓడలు, కొత్త టపాకాయలు, కొత్త దీవులు పెడుతూనే ఉన్నారు. వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. కాంట్రాక్టు ఇంకో ఆరు నెలలకు మించి ఉండదని మా ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. కస్తూరక్క ఒక రోజు కొత్త పేరుతో ఆటలోకి దిగింది. నేను పక్కనే ఉన్నాను. కొత్తవాళ్ళు ఎవరైనా ముందు పెద్ద రేవులో మెట్ల మీద దిగుతారు. ఎదురుగా వందల ఓడలు, అటూ ఇటూ పరుగెత్తే జనం. ఆమె మెట్ల మీద అరగంట నిలబడింది. ఒక్కరూ ఆగలేదు.

"పెండ్లికి పోతాము. ఎవురూ కూర్చోమనరు, తిన్నావా అని అడగరు. ఎంతసేపుంటాము?" అంది. కళ్ళద్దాలు నెత్తి మీంచి దించుకుంది. "ఓడలు బాగలేక పోతా ఉండారనుకుంటా ఉండారు వాళ్ళు. ఓడ దాకా వస్తే కదా!"

తరువాత ఆమె చేసింది రూలుకు విరుద్ధం. ఆడేవాళ్ళు రాస్తే మేము జవాబివ్వాలే గాని, మాకై మేము వాళ్ళకు రాయకూడదు. తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఇంట్లో మంచాన పడ్డ తల్లికి ఆమె జీతమే ఆధారం. అయినా మొదటినుంచీ మాకు ఉత్తరాలు రాస్తూ వచ్చిన పాత ఆటగాళ్ళను పదకొండుమందిని ఏరుకుని, ఒక్కొక్కరికీ విడివిడిగా రాసింది. మీరు రోజూ ఆట ముగించి వెళ్ళేముందు పది నిమిషాలు రేవు మెట్ల మీద నిలబడండి, దిగిన కొత్తవాళ్ళకు మీకు తెలిసింది అప్పజెప్పి పొండి, దీనికి మేమేమీ ఇవ్వలేము అని. పదకొండుమందీ సరేనన్నారు. ఎవరి మొహమూ మేం చూడలేదు. ఒకరు కొండ ఊళ్ళో రిటైరైన పోస్టుమాస్టరమ్మ, ఒకరు లారీ డ్రైవరు, ఒకరు ప్రసవాల వార్డులో నర్సు. వాళ్ళు నిలబడ్డారు. వాళ్ళ చేతి కింద ఓడ కట్టడం నేర్చుకున్నవాళ్ళు తమంతట తామే వచ్చి నిలబడటం మొదలుపెట్టారు. మూడు నెలలు తిరగకుండా ఆ మెట్ల మీద ఏ వేళ చూసినా ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. కస్తూరక్క తెప్పించుకునే జాబితా చిక్కిపోతూ వచ్చింది.

లెక్క ఎందుకు మారిందో అర్థంకాక బెంగళూరు నుంచి వరుణ్ వచ్చాడు. ఆటకు డిజైన్ పెద్ద అతను. ఇడ్లీల సంగతి ఇందాకే చెప్పాను. కస్తూరక్క అతన్ని తన పక్కన కూర్చోబెట్టుకుని మిల్లు నుంచి మెట్ల దాకా అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. తాను రూలు తప్పిన సంగతి కూడా దాచలేదు. అతను ఫోనులో రాసుకుంటూనే ఉన్నాడు. అతను కాఫీకి లేచినప్పుడు నేను ఆగలేక, "అక్కా, అంతా చెప్పేస్తే ఎట్ల? వాళ్ళే చేసినట్టు చెప్పుకుంటారు" అన్నాను.

"చెప్పుకోనీ. అప్పజెప్పేటప్పుడు కొంచెం దాచిపెట్టుకుంటే పోగు ఆడ్నే తెగతాది" అంది.

ఆమెది అమాయకత్వం కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నాకు చెడ్డ కోపం వచ్చింది. మాది కొట్టు కుటుంబం. సరుకు ఎక్కడినుంచి తెస్తామో పక్క కొట్టువాడికి చెప్పే అలవాటు మాకు లేదు.

ఆ తరువాత మెట్ల మీద నిలబడటాన్ని కంపెనీ ఆటలోనే కలిపేసింది. పాతవాళ్ళు ఎవరైనా వచ్చి కొత్తవాళ్ళ పక్కన నిలబడితే గంట రెండుసార్లు మోగేలా చేశారు. దానికి 'తోడు' అని పేరు పెట్టి, నిలబడినవాళ్ళకు బంగారు నాణేల బహుమతి పెట్టబోయారు. కస్తూరక్క ఎన్నడూ లేనిది వీడియో కాల్‌లో గొంతు పెంచింది. "నాణెం పెడితే పది నిమిషాలు నిలబడతారు సార్. పక్కన మనిషిని చూడరు, గడియారం చూస్తారు" అంది. వాళ్ళు వినలేదు. పెట్టారు. నెలలోగా మెట్ల నిండా మాటాపలుకూ లేకుండా గడియారం చూసుకునేవాళ్ళు నిండిపోయారు, కొత్తవాళ్ళు మళ్ళీ పోవడం మొదలైంది. చప్పుడు చెయ్యకుండా బహుమతి తీసేశారు. మీరు చెప్పిందే నిజమైందని ఆమెకు ఒక్క ముక్క రాసినవాడు లేడు.

ఆట పెరిగింది. ఎంతగా అంటే, పెద్ద హాలులో, పెద్ద సభలో దానికి బహుమానం ఇచ్చారు. మా ఆఫీసులో టీవీ పెట్టి అందరం చూశాం. మసాలా వడలు తెప్పించుకున్నాం. వరుణ్ వేదిక మీదికి వెళ్ళి, పుదుచ్చేరి తీరాన సూర్యుడు పైకి వస్తుంటే, ఒంటరిగా నిలబడ్డ ఒక మనిషి పక్కన ఇంకొక మనిషి వచ్చి నిలబడటం చూశానని, ఆ క్షణంలో 'తోడు' పుట్టిందని చెప్పాడు. చప్పట్లు మోగిపోయాయి. మా గదిలో నోట్లో వడ నమలడం కూడా ఆగిపోయింది. అందరం కస్తూరక్క వైపు చూశాం.

"సూర్యుడా? వాణ్ణి లేపడానికి సూర్యుడే వాడి రూముకి పోయుండాల" అంది ఆమె. గదంతా ఘొల్లుమంది. ఆమె కూడా నవ్వింది గాని, వడ మాత్రం తినలేదు.

నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు. బొమ్మలు గీసినవాళ్ళు, కోడ్ రాసినవాళ్ళు కష్టపడలేదని నేననను. వాళ్ళు నిద్ర మానుకుని పనిచేశారు, నాకు తెలుసు. కానీ గీసిన సముద్రంలో మనిషి ఎన్నాళ్ళుంటాడు? వారం చాలు, నీళ్ళు ఎంత నీలంగా ఉన్నా విసుగొస్తుంది. ఎవరో తన కోసం ఎదురుచూస్తారని తెలిస్తే ఏళ్ళు ఉంటాడు. అలా ఎదురుచూసినవాళ్ళు జీతగాళ్ళు కారు, వాటాదారులు కారు. అసలు ఆటను ఆటగా చేసిందే వాళ్ళు. పదకొండుమందిని వెతికి పట్టుకున్నది ఒక మిల్లు కార్మికుడి కూతురు. ఇంత స్పష్టమైన సంగతిని ఒక సూర్యోదయం కింద పూడ్చిపెట్టడానికి ఎంత ధైర్యం కావాలి?

ఇక్కడిదాకా రాయడం నాకు సులువు. కోపం నడిపిస్తుంది. ఇక ముందుది అంత సులువు కాదు.

ఆటకు ఐదేళ్ళు నిండినప్పుడు, దాన్ని నిలబెట్టినవాళ్ళందరి పేర్లూ తెర మీద నడిపిస్తామని కంపెనీ ప్రకటించింది. మీ ఆఫీసు నుంచి షిఫ్టుల వారీగా పేర్లు పంపండని ఉత్తరం వచ్చింది. మా షిఫ్టు పని నాకు అప్పగించారు. మా పన్నెండుమందికీ పండగలా ఉంది. అయిదేళ్ళు మేమందరం ఒకే బొమ్మ పేరుతో, 'రేవు కాపరి' అని సంతకం పెడుతూ జవాబులు రాశాం. సొంత పేరు రాయకూడదు. మొదటిసారి మా పేరు మాకు కనిపించబోతోంది. కస్తూరక్క పేరు అందరికంటే పైన టైపు చేసి చూపించాను. ఆమె దాన్ని కాసేపు చూసింది. ఆమెకూ ఆశ ఉందని ఆ చూపులోనే తెలిసింది.

"నాది కిందికి తోయి. మెట్లకాడ నిలబడినోళ్ళవి ముందు రాయి" అని, గుక్కతిప్పుకోకుండా పదకొండు పేర్లు చెప్పింది. అన్నీ ఆటలో పెట్టుకున్న పేర్లే. నేను టైపు చేశాను.

ఆమె అటు తిరగగానే నాకు భయం పట్టుకుంది. ఉత్తరంలో 'ఉద్యోగుల పేర్లు' అని ఉంది. మేమే కాంట్రాక్టువాళ్ళం, మమ్మల్నే ఉద్యోగులని ఒప్పుకుంటారో లేదో తెలియదు. మధ్యలో ఈ పదకొండు వింత పేర్లు కనిపిస్తే మొత్తం జాబితానే పక్కన పడేస్తే? అది భయమని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, నా పేరు తెర మీద చూసుకోవాలన్న ఆశే అది. మా నాన్నకు చూపించాలి, కొట్లో కూర్చోనన్నందుకు ఏం సాధించానో ఇదిగో అనాలి. పదకొండు పేర్లూ ఎంచి, చెరిపేసే మీట నొక్కాను. పన్నెండు పేర్లు పంపాను.

"పంపినావా?" అని సాయంత్రం అడిగింది.

"పంపినానక్కా."

"అందరివీ?"

"అందరివీ."

తెర మీద పేర్లు నడిచిన రోజు మళ్ళీ టీవీ పెట్టాం. స్థాపకుడి పేరు వచ్చింది, వరుణ్ పేరు మూడు చోట్ల వచ్చింది. బెంగళూరు ఆఫీసువాళ్ళకు ఆ ఐదేళ్ళలో పుట్టిన పిల్లల పేర్లు వచ్చాయి. స్థాపకుడి కుక్క పేరు, 'ఆనంద విభాగం' అన్న హోదాతో సహా వచ్చింది. అందరికంటే చివర, 'మరియు మా సహాయక భాగస్వాములు' అని ఒక లైను వచ్చి పోయింది. ఆ లైనే మేము. పన్నెండుమందిలో ఒక్క పేరు లేదు. నేను కుర్చీ తన్ని లేచాను. నోటికి వచ్చిందల్లా అన్నాను, కుక్కకు కూడా పేరుంది మాకు లేదా అని అరిచాను. మిగతావాళ్ళు కూడా అరిచారు. కస్తూరక్క మాత్రం తన కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో చదువుతోంది. నన్ను పిలిచి చూపించింది.

పోస్టుమాస్టరమ్మ రాసిన ఉత్తరం అది. కస్తూరక్క ఆ పదకొండుమందికీ ముందే రాసిందట, ఈ రోజు మీ పేర్లు వస్తాయి, తప్పకుండా చూడండి అని. ఆ సంగతి నాకు తెలియదు. పోస్టుమాస్టరమ్మ రాసింది: "చివరిదాకా చూశానమ్మా. మా చెల్లెలి కుటుంబాన్ని కూడా పిలిచాను. నా పేరు కనపడలేదు. గబగబా పోయింది కదా, నేనే సరిగా చూసుకోలేదేమో. మీరు ఏమీ అనుకోకండి."

పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, వాళ్ళ పేర్లు నేను పంపలేదక్కా అన్నాను. ఎందుకు పంపలేదో కూడా చెప్పాను. నాన్నకు చూపించాలనుకున్న సంగతి కూడా.

ఆమె కళ్ళద్దాలు తీసి నెత్తి మీద పెట్టుకుంది. తిట్టినా బాగుండేది. "బెంగళూరోళ్ళు మనల్ని కోసినారు" అంది. "నువ్వు వాళ్ళని కోసినావు. ఏందే తేడా?"

తరువాత పదకొండుమందికీ ఆమె ఒక్కొక్కటిగా ఉత్తరాలు రాసింది. నా పేరు చెప్పలేదు. తప్పు మాది అని మాత్రం రాసింది. రెండు కాగానే, నా సీట్లోకి వచ్చే అమ్మాయికి నేను అప్పజెబుతుంటే ఎప్పటిలాగే వచ్చి పక్కన నిలబడింది. నాతో మాట్లాడటం మానలేదు. మిల్లు సంగతి తెలిసినదాన్ని కాబట్టి, మానడానికి ఆమెకు హక్కుందని నాకు తెలుసు. ఆ రోజు నుంచి నాకు వరుణ్ మీద కోపం వచ్చిన ప్రతిసారీ, దానిలో సగం ఎవరి మీదో కూడా తెలుస్తూనే ఉంటుంది.

ఆ మరుసటి ఏడు మా ఆఫీసు మూసేశారు. ఇప్పుడు జవాబులు యంత్రం రాస్తుంది. ఆడేవాళ్ళను పేరు పెట్టి పలకరిస్తుంది, ఆస్పత్రిలో ఉన్న నాన్న ఎలా ఉన్నాడని అడుగుతుంది. ఒకసారి చదివి చూశాను, వాక్యాలన్నీ కస్తూరక్కవే. ఆమె ఏళ్ళ తరబడి రాసిన జవాబులే దానికి నేర్పారు. దానికి ఆమె ఒప్పుకుందా అని అడిగినవాళ్ళు లేరు. ఆమె కిరుమాంబాక్కంలో కడలూరు రోడ్డు మీద జెరాక్స్ షాపు పెట్టుకుంది. ఆన్‌లైను దరఖాస్తులు కూడా నింపి పెడుతుంది. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు కాగితం తీసుకుని వెళ్ళబోతే ఆపి, ఆఫీసులో ఎవరిని అడగాలో, ఏం అడగాలో చెప్పి గాని పంపదు. వెనక లైను పెరుగుతూ ఉంటుంది.

కురుచికుప్పం ఆవిడ గంప కొన్న వారంలోనే ఇదంతా రాశాను. ఆదివారం కిరుమాంబాక్కం తీసుకెళ్ళి కస్తూరక్కకు చదివి వినిపించాను. ఆమెకు తెలుగు చదవడం రాదు కాబట్టి నా గొంతుతోనే వినాలి. మిషను ఆపి, స్టూలు మీద కూర్చుని విన్నది. వరుణ్ ఇడ్లీల దగ్గర నవ్వింది. నేను పేర్లు తీసేసిన చోట నా వైపు చూడలేదు. అయిపోయింది. ఆమె కళ్ళు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. కాగితాలు ఎంత మందంగా ఉన్నాయో చూస్తోంది.

"నన్ను ఇంత పొడుగు రాసినావు" అంది. "వాళ్ళ పేర్లు యాడ?"

నేను కాగితాల్లోకి చూశాను. పోస్టుమాస్టరమ్మ అని రాశాను, లారీ డ్రైవరని రాశాను, నర్సని రాశాను. ఎవరికి క్రెడిట్ దక్కాలని ఇన్ని పేజీలు అరిచి, ఒక్కరి పేరు కూడా రాయలేదు.

"రాసుకో" అంది.

ఉప్పుగాలి, కొండ ఊరి పోస్టుమాస్టరమ్మ. రాత్రిబండి, లారీ డ్రైవరు. వార్డునంబరుమూడు, నర్సు. ఏడోఅల, కొత్తవాళ్ళకు తన ఓడే ఇచ్చేసేవాడు. చింతగింజ, మాటలు రాకపోతే బొమ్మలు గీసి చెప్పేది. నల్లకొంగ. బడిగంట. మావూరిరాజు, అతనిది ఏ ఊరో ఎన్నడూ చెప్పలేదు. కుంటిపావురం, నడవలేని మనిషి, అందరికంటే ఎక్కువ సేపు నిలబడినది అతనే.

తొమ్మిది. ఆమె వేళ్ళు మడుస్తూ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. మళ్ళీ తొమ్మిదే వచ్చాయి. ఒకాయప్ప ఎప్పుడూ ఎర్ర తెరచాపే కట్టేవాడంది. ఇంకొకామె కొత్తవాళ్ళను ముందు తిన్నావా అని అడిగేదంది. పేర్లు మాత్రం రాలేదు. కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోవాలని చూసింది. బయట ఇద్దరు జెరాక్స్ కోసం వచ్చి నిలబడ్డారు. ఆ పదకొండు పేర్లూ కలిసి ఒక్కచోట ఉన్నది ఒకే ఒక్కసారి, నా కంప్యూటర్ తెర మీద. వాటిని అక్కడినుంచి తీసేసింది నేను.